ఆరో బెల్టు

మాది మేళ్లచెరువు దగ్గర ఊరు. ఇళ్ల మీద, చెట్ల మీద, ఆరేసిన బట్టల మీద సిమెంటు దుమ్ము పడటం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. కుట్టుపని నేను చర్చి వాళ్లు నడిపిన సెంటర్లో నేర్చుకున్నాను. మొదట్లో జాకెట్లు, లంగాలు కుట్టేదాన్ని. మా ఆయన సిమెంటు లారీ నడిపేవాడు కాబట్టి పెళ్లయ్యాక లారీల మీద కప్పే టార్పాలిన్ పట్టాల పని నా దగ్గరికి రావడం మొదలైంది. పట్టా చినిగితే బస్తాలు తడుస్తాయి. తడిస్తే ముందు డ్రైవర్‌నే నిలదీస్తారు. అందుకని చిన్న చిరుగు కనపడగానే దింపుకొని వచ్చేవాళ్లు.

మామూలు మిషన్ మీద అంత మందం నడవదు. కోదాడలో బ్యాగులు కుట్టే ఒకతను దుకాణం ఎత్తేస్తుంటే, తోలు కూడా కుట్టగల అతని పాత పెద్ద మిషన్ తెచ్చుకొని రోడ్డు పక్కన రేకుల గదిలో పెట్టుకున్నాను. తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్ల తర్వాత సంగతి ఇది. పుట్టినప్పటి నుంచీ నల్లగొండ జిల్లా అని రాసిన చేత్తో సూర్యాపేట అని రాయడం అప్పుడప్పుడే అలవాటు చేసుకుంటున్నాం.

పట్టాలు కుట్టీ కుట్టీ నాకు చిరుగులు చదవడం వచ్చింది. కొక్కేనికి తగిలి చినిగిన చోట గుడ్డ మూలగా చీలి తలుపులా వేలాడుతుంది. కత్తితో కోస్తే అంచు సూటిగా ఉంటుంది. ఎలుక కొరికితే నమిలిన పీచు లేచి ఉంటుంది, వాసన కూడా వస్తుంది. బరువు పడి లాగితే మాత్రం గుడ్డకు ఏమీ కాదు, కుట్టే తెగుతుంది. డ్రైవర్లు ఏదో చెబుతుంటే ఊకొడుతూ నేను చిరుగునే చూసేదాన్ని. వాళ్లు చెప్పినదానికీ చిరుగుకూ చాలాసార్లు పొసిగేది కాదు.

ఒక రోజు పొద్దున పది గంటలప్పుడు ఒకాయన బండి మీద వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, బండి అద్దానికి తగిలించిన తెల్ల హెల్మెట్. మాట దేవరకొండ వైపు యాస. ఫ్యాక్టరీలో ఎవరో కాంట్రాక్టరు కింద సూపర్‌వైజరునని చెప్పాడు. చేతి సంచిని బల్ల మీద పెట్టకుండా, ముందు రోడ్డు వైపు ఒకసారి చూసి, లోపలికి వచ్చి నా మిషన్ వెనకాల పెట్టాడు.

"అక్కా, గిది జర కుట్టియ్యాలె. స్టోర్ల ఎలుకలు కొరికినయి."

సంచిలో ఉన్నది ఎత్తు మీద పనిచేసేవాళ్లు వేసుకునే సేఫ్టీ బెల్టు. భుజాలకు, తొడలకు పట్టీలు, వీపు దగ్గర ఒక ఇనుప కడియం. ఆ కడియం నుంచి ఒక పొడుగు పట్టీ పోయి, దాని చివర పెద్ద కొక్కెం ఉంది. ఆ పట్టీ మధ్యలో మడతలు పెట్టి కుట్టిన పొట్లం ఏదో ఉండాల్సింది. అది పూర్తిగా విప్పుకొని బారెడు పొడవున వేలాడుతోంది.

"ఎలుకలు నైలాన్ కొరుకుతయా?" అని అడిగాను.

"ఆకలైతే ఏమన్న కొరుకుతయి."

వెలుతురులో పట్టి చూశాను. పట్టీ మీద ఒక్క పంటిగాటు లేదు. నేత చెక్కు చెదరలేదు. కుట్లు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి, వరుస తప్పకుండా తెగిపోయి, రెండు వైపులా పొట్టి దారాలు నిలబడి ఉన్నాయి. ఏదో పెద్ద బరువు ఒక్క ఊపున లాగిందని తెలుస్తూనే ఉంది. అది మనిషి బరువని ఆ రోజు నాకు తట్టలేదు. ఏ మోటారునో, ఇనుప గొట్టాన్నో దీనితో కట్టి లాగి ఉంటారనుకున్నాను. ఎలుకల మాట అబద్ధమని మాత్రం తెలిసింది. ఎందుకు చెబుతున్నాడో తెలియలేదు.

పట్టీని మడత మీద మడత వేసి, అరచేయంత చేసి, నాలుగు వరుసలు కుట్టమన్నాడు. దారం కూడా తనే తెచ్చాడు. పాత దారం రంగుకు సరిగ్గా కలిసే దారం. పని ఇచ్చేవాళ్లు దారం తెచ్చుకోవడం నేనెప్పుడూ చూడలేదు. కుట్టి ఇచ్చాక, జేబులోంచి నల్లటి ప్లాస్టిక్ గొట్టం తీసి పొట్లానికి తొడిగి, లైటరు మంట చూపించాడు. గొట్టం ముడుచుకొని అతుక్కుపోయింది. ఇప్పుడు చూస్తే ఎక్కడా కుట్టినట్టు తెలియదు.

"మంచిగ గట్టిగ కుట్టినవు" అన్నాడు. ఆ మాటకు నాకు సంతోషమైంది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది గానీ, అయింది.

నెల తిరగకుండా మళ్లీ వచ్చాడు, ఈసారి రెండు బెల్టులతో. రెండూ అదే తీరుగా విప్పుకొని ఉన్నాయి.

"మీ స్టోరు యాడుంటది?" అన్నాను.

"ఎందుకు?"

"గిన్ని ఎలుకలుంటే పిల్లిని పెంచుకోరాదా అని."

అతను నవ్వలేదు. "గంత అడిగితే కోదాడకు తీస్కపోతనక్కా. ఆడ గూడ కుట్టేటోళ్లున్నరు" అన్నాడు.

నేను నోరు మూసుకొని కుట్టాను. అతను పోయాక కూడా ఆ సంగతి మనసులో తిరుగుతూనే ఉంది. ఇవి దొంగ సామాను అయ్యుంటాయని తేల్చుకున్నాను. ఫ్యాక్టరీ పారేసిన పాత బెల్టుల్ని బయటికి తెచ్చి, బాగుచేసి, ఎక్కడో అమ్ముకుంటున్నాడని. అంతవరకే పోయింది నా బుద్ధి.

మా తమ్ముడు అదే ఫ్యాక్టరీలో పరంజా కట్టే గుంపులో పనిచేసేవాడు. ఫ్యాక్టరీ మధ్యలో ఊరంతటికీ కనపడే టవరు ఒకటి ఉంటుంది. దాన్ని ఆపి బాగుచేసే రోజుల్లో దాని చుట్టూ గొట్టాలతో, పలకలతో మెట్లు మెట్లుగా పరంజా కట్టాలి. తమ్ముడి ఇల్లూ అమ్మ ఇల్లూ ఒకే వాకిట్లో. ఆదివారం చర్చి అయిపోయాక అందరం అక్కడే అన్నం తింటాం. ఆ ఆదివారం అన్నాల దగ్గర నవ్వుతూనే అడిగాను.

"తమ్మీ, మీ ఫ్యాక్టరీల ఎలుకలు ఎక్కువైనయా? బెల్టులు కొరుకుతున్నయంట."

వాడు నోటి దాకా తెచ్చిన ముద్దను కంచంలో పెట్టేశాడు. "ఎవలు చెప్పిన్రు?"

"ఒకాయన కుట్టియ్యమని తెచ్చిండు."

"ఎన్ని తెచ్చిండు?"

ఎవరు తెచ్చారని అడగకుండా ఎన్ని అని అడగడం నాకు వింతగా అనిపించింది. మూడని చెప్పాను.

"నీకు పట్టాల పనున్నది గద అక్కా. గవి ముట్టకు."

"ఎందుకు?"

"ఎందుకంటే ఏం చెప్పాలె. ముట్టకు, అంతే."

మరదలు వాడి ముఖం చూసింది, తర్వాత నా ముఖం చూసింది, లేచి ఎవరూ అడగని నీళ్లు తెచ్చి పెట్టింది. అమ్మ ఏమీ గమనించనట్టే ఉంది. ఇంటికి నడుస్తూ నేను ఆలోచించిందంతా ఒకటే. ఈ దొంగతనంలో తమ్ముడికి కూడా చేయుంది. లేకపోతే ముద్ద ఎందుకు ఆగింది?

మూడోసారి సూపర్‌వైజరు మరో రెండు తెస్తే వద్దనలేదు. వద్దంటే ఇంకో చోటికి పోతాడు, నాకు సంగతి తెలియకుండా పోతుంది. కుడుతూ అతన్ని కనిపెడుతూ కూర్చున్నాను. ఫోన్ రెండుసార్లు మోగితే బయటికి పోయి మాట్లాడాడు. ఒకసారి "ఏం కాలే సార్, అంత మంచిగనే ఉన్నది" అనడం వినిపించింది. ఎవరికి చెప్పాడో, ఏం కాలేదని చెప్పాడో తెలియదు.

చివరిసారి వచ్చిన రోజు వాన. ఒకే బెల్టు తెచ్చాడు, తొందరలో ఉన్నాడు. మడతలు సరిగ్గా పడకుండానే కుట్టమని వెంటపడ్డాడు. సూది విరిగింది. ఇంకో సూది ఎక్కించేటప్పుడు భుజం పట్టీకి కట్టి ఉన్న గుడ్డ పేలిక నా చేతికి తగిలింది. నీలం, పచ్చ గళ్ల లుంగీ గుడ్డ. కత్తెరతో కత్తిరించింది కాదు, పళ్లతో గాటు పెట్టి చేత్తో చింపింది. ఎవరి బెల్టు వాళ్లు గుర్తు పట్టుకోవడానికి కట్టుకుంటారేమో అనుకున్నాను. అతను పేలికను విప్పబోయాడు. ముడి తడిసి బిగుసుకొని రాలేదు. అలాగే తీసుకొని వెళ్లాడు.

మర్నాడు అమ్మ ఫోన్ చేసింది. తమ్ముడు నిన్న పొద్దున పనికి పోతూ బండి మీది నుంచి పడ్డాడట, పనికి పోవడం లేదట. అప్పుడే బయల్దేరి పోయాను.

వాకిట్లో బండి నిలబెట్టి ఉంది. దాని చుట్టూ ఒకసారి తిరిగాను. అద్దం పగల్లేదు, గీత పడలేదు, కాలు పెట్టే కడ్డీ వంగలేదు. బురద కూడా ఎండి, పాతది. లోపల తమ్ముడు గోడకు ఒక పక్కగా ఆనుకొని కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోయి, లేవలేక కూర్చుండిపోయాడు.

"యాడ పడ్డవు?"

"చెరువు కట్ట మలుపుల."

"బండి మీదికెల్లి పడితే మోచెయ్యన్న, మోకాలన్న చెక్కుకపోవాలె గదరా."

మరదలు గిన్నెలో పసుపూ నూనె కలిపి తెచ్చింది, నన్ను చూసి గుమ్మం దగ్గర ఆగిపోయింది. నేనే గిన్నె తీసుకొని, చిన్నప్పుడు ఎత్తుకున్నదాన్నే కాబట్టి సిగ్గేమీ పడకుండా, వాడి లుంగీ మోకాళ్ల పైదాకా జరిపాను. రెండు తొడల లోపలి వైపూ నాలుగు వేళ్ల వెడల్పున, పట్టీ అంచులతో సహా అచ్చు దించినట్టు, నల్లగా కమిలి ఉంది. రెండు వైపులా ఒకే ఎత్తులో.

ఆ వెడల్పు నాకు తెలుసు. దాన్ని ఎన్నిసార్లు పట్టుకున్నాను.

అప్పుడు చేతిలో ఉన్న లుంగీని చూశాను. నీలం, పచ్చ గళ్లు. అంచున ఒక పేలిక చింపి ఉంది.

"నిన్న నీ బెల్టు నా మిషన్ మీదికి వచ్చింది రా" అన్నాను.

మరదలు కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. వాడు అప్పుడు నిజం చెప్పాడు. టవరు మీద ఏడో అంతస్తులో పలక కట్టకముందే దాని మీద అడుగు వేశాడట. పలక జారింది. రెండు నిలువుల లోతు పడి, కొక్కెం పట్టుకోవడంతో గాలిలో వేలాడాడు. తోటివాళ్లు పైకి లాగేదాకా కింద ఉన్న లారీల పైకప్పులు చూస్తూ ఉన్నానని చెప్పాడు.

"పొత్తికడుపుల పేగులు గుంజినట్టైంది. కాని ఊపిరి ఆడింది. బెల్టు లేకుంటే లేను అక్కా."

"మరి బండి కథ ఎందుకు?"

"పడ్డరని ఫ్యాక్టరోళ్లకు తెలిస్తే మా గుంపు మొత్తం గేట్ పాసులు గుంజుకుంటరు. పద్నాలుగు మంది ఇండ్లల్ల కూసోవాలె. సూపర్‌వైజరు అందరితోటి ఒట్టేయించిండు. ఇదివరకు పడ్డోళ్లు గూడ గట్లనే మూసుకున్నరు."

"అయితే నీ ముందు ఐదుగురు పడ్డరు."

వాడు తల దించుకున్నాడు. నేను బెల్టుల మాట ఎత్తిన ఆదివారం నాడే వాడికి సంగతి తెలిసిపోయింది. అందుకే ముద్ద ఆగింది.

"ఇప్పుడు నీ బెల్టు యాడుంది?"

"పెట్టెల ఉంటది. అన్ని ఒక్క పెట్టెలనే ఉంటయి. ఎవరి చేతికి ఏదొస్తే అది. నేనే నాది అని పేలిక కట్టుకున్న."

"అది మళ్ల పడితే ఆపుతదా?"

"నువ్వు కుట్టినవు గద. నువ్వే చెప్పాలె" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు.

వాడి పేరు బయటికి రానివ్వనని వాడి చేతిలో చెయ్యి వేసి చెప్పాను. ఆ మాట తర్వాత నన్ను ఎంత ఇబ్బంది పెట్టబోతోందో అప్పుడు ఆలోచించలేదు.

ముందు సూపర్‌వైజరునే పట్టుకున్నాను. ఫ్యాక్టరీ బయట హోటల్లో చాయ్ తాగుతున్నాడు. నేను కుట్టినవి నాకు తిరిగి ఇచ్చెయ్యమని, కోసి పారేస్తానని అడిగాను.

"ఏ బెల్టులక్కా?" అన్నాడు.

నేను అతన్నే చూస్తూ నిలబడ్డాను. చాయ్ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు: "కుట్టింది నేనైతే కాదు గద. రేపు ఎవరన్న అడిగితే ఎవరి మిషన్ అని అడుగుతరు. సోంచాయించుకో, బాగ ఆలోచన చేస్కో."

మూడు రోజులు సోంచాయించుకున్నాను. ఆ మూడు రోజులకు నేను ఇప్పటికీ నాకు నేను సమాధానం చెప్పుకోలేను. రేకుల గది ముందు ఎవరు బండి ఆపినా నన్ను పట్టుకుపోవడానికే వచ్చారనుకున్నాను. పట్టా ఇచ్చిపోయే డ్రైవరు కూడా నా మిషన్ వైపు అదోలా చూసినట్టు అనిపించేది. మా ఆయనకు చెబితే, వద్దు, పెద్దోళ్ల జోలికి పోకు అన్నాడు. అతను ఆ ఫ్యాక్టరీ లోడు ఎత్తేవాడే కాబట్టి ఆ మాట ఎవరి కోసం అన్నాడా అని అతన్ని కూడా అనుమానించాను. ప్రతి పూటా గదిలోంచి బయటికి వచ్చి టవరు వైపు చూసేదాన్ని. పైన చీమల్లా మనుషులు కదులుతుండేవాళ్లు. వాళ్లలో ఐదుగురో ఆరుగురో నా కుట్టు వీపున కట్టుకొని తిరుగుతున్నారు.

నాలుగో రోజు పొద్దున గేటు దగ్గరికి పోయాను. కాపలా అతను ఎవరి కోసమని అడిగాడు. పేరు తెలియదు, బెల్టుల సంగతి చూసే సారు కావాలన్నాను. పనికోసం వచ్చాననుకొని పొమ్మన్నాడు. పోలేదు. ఎండలో రెండు గంటలు నిలబడ్డాక, గొడవ చేస్తుందనుకున్నారేమో, లోపలికి పిలిచారు.

సేఫ్టీ ఆఫీసరు నడివయసు మనిషి. మా ప్రాంతం వాడు కాదని మాటను బట్టి తెలిసింది. నేను చెప్పిందంతా రాసుకోకుండా విన్నాడు.

"మిమ్మల్ని ఎవరు పంపించారమ్మా? ఇంకో కాంట్రాక్టరా?"

"ఎవరు పంపలే సార్. నేనే వచ్చిన."

"అతను మీకేమైనా బాకీ ఉన్నాడా?"

"లేడు సార్."

"మరి ఎందుకొచ్చారు?"

"నేను కుట్టినయి కోసెయ్యాలె."

ఆయన నమ్మలేదని కళ్లలోనే తెలిసింది. అయినా ఫోన్ చేసి, పైనున్నవాళ్లను దింపించి, ఆ గుంపు బెల్టుల పెట్టె తెప్పించాడు. సూపర్‌వైజరు కూడా వెంట వచ్చాడు. నన్ను చూసి నమస్తే అన్నాడు, మొదటిసారి చూసినట్టు. పెట్టె బోర్లిస్తే పదిహేను దాకా బెల్టులు గుట్టగా పడ్డాయి. నేను నేల మీద కూర్చొని ఒక్కో పొట్లాన్ని వేళ్లతో తడుముతూ పోయాను. కుట్టు ముగిసే చోట మూడు టాకాలు వెనక్కి వేయడం నా అలవాటు. నల్ల గొట్టం మీది నుంచి కూడా అక్కడ చిన్న గడ్డలా వేలికి తెలుస్తుంది. ఒకటి దొరికింది. పక్కన పెట్టాను. ఇంకోటి దొరికింది.

ఆఫీసరు బ్లేడుతో గొట్టం చీల్చి చూశాడు. మంచి బెల్టు ఒకటి తెచ్చి పక్కన పెట్టి నాకు చూపించాడు.

"ఈ పొట్లంలో కుట్లు తెగిపోవడానికే వేస్తారమ్మా. మనిషి పడ్డప్పుడు ఒక్కొక్కటే తెగుతూ ఆ ఊపును తగ్గిస్తాయి. ఒకసారి తెగితే ఆ బెల్టు పని అయిపోయినట్టే, పారెయ్యాలి. మీరు కుట్టింది తెగదు. తెగకపోతే ఆ దెబ్బంతా మనిషి నడుముకు పోతుంది."

"మరీ గట్టిగ కుట్టిన్నా సార్?"

"గట్టిగానే కుట్టారు" అన్నాడు.

గుట్ట మొత్తం రెండుసార్లు వెతికాను. ఐదు దొరికాయి. గళ్ల పేలిక కట్టిన బెల్టు మాత్రం లేదు.

"ఇంకోటి ఉండాలె సార్. ఆరు కుట్టిన."

"ఐదే సార్" అన్నాడు సూపర్‌వైజరు. అప్పటిదాకా అసలు నన్నే ఎరగనట్టున్న మనిషి. "ఆమెకు యాదికి లేదు."

"ఆరోది ఎట్లా ఉంటుంది? ఏదైనా గుర్తు ఉందా?" అని ఆఫీసరు నన్ను అడిగాడు.

గుర్తు ఉంది. నీలం, పచ్చ గళ్లు. ఆ మాట చెబితే, అది ఎవరి లుంగీ అని గుంపులో ఏ ఒక్కరిని అడిగినా తెలిసిపోతుంది. సూపర్‌వైజరు నా నోటి వైపే చూస్తున్నాడు. ఆ బెల్టు ఎవరిదో నాకు తెలుసని అతనికి తెలుసా, తెలియదా అన్నది నాకు అంతుపట్టలేదు. నేను తమ్ముడి చేతిలో చెయ్యి వేసి వచ్చాను.

"గుర్తేం లేదు సార్. ఆరు మాత్రం కుట్టిన" అన్నాను.

ఆయన ఇంకోసారి నా ముఖం చూసి, ఐదింటినీ నా ముందే ముక్కలు ముక్కలుగా కోయించాడు.

గుంపును ఆ వారమే బయటికి పంపేశారు, తమ్ముడు భయపడినట్టే. పద్నాలుగు మంది. వాళ్లలో కొందరు నా గది ముందు నుంచి పోతూ మాట్లాడటం మానేశారు. ఇంకో కాంట్రాక్టరు దగ్గర నేనేదో తీసుకొని ఈ పని చేశానని ఊళ్లో అనుకున్నారు. మరదలు వాకిట్లో నాకు ఎదురుపడి, "నీ తమ్ముని ప్రాణం దక్కిందని సంబురపడకముందే నోటికాడి కూడు తీస్తివి వదినా" అంది. అమ్మ ఆ ఆదివారం ప్రార్థనలో నా పేరు ఎత్తలేదు. చిన్న విషయమే. నాకు మాత్రం తెలిసింది.

తమ్ముడు నా పని తప్పనలేదు. ఒక సాయంత్రం వచ్చి వేరే మాట అడిగాడు.

"అక్కా, నిజం చెప్పు. ఆ బెల్టు నువ్వు దాచినవా? రేపు నీ మీదికి ఏమన్న వస్తే చూపిద్దామని?"

"లేదురా."

"నేను సూపర్‌వైజరు కిరాయి రూముకు పోయిన. ఖాళీ చేసి పోయిండు. ఆయన దగ్గర లేదు, పెట్టెల లేదు, నీ దగ్గర లేదు. మరి యాడికి పోయింది?"

వాడు నన్ను నమ్మాడో లేదో తెలియదు. పోతూ పోతూ గదిలో మూల ఉన్న పాత పట్టాల కట్ట వైపు చూశాడు. నేను లేచి కట్ట మొత్తం విప్పి చూపించాను. వాడు సిగ్గుపడి, వద్దక్కా అన్నాడు. అయినా ఆఖరి పట్టా దాకా విప్పాను.

సూపర్‌వైజరు ఆ బెల్టును వెంట తీసుకుపోయాడని నా అనుమానం. పేలిక విప్పేసి, ఇంకో ఊళ్లో ఇంకో పెట్టెలో పడేసి ఉంటాడు. అనుమానమే, రుజువు లేదు. దేవరకొండ వైపు నీళ్ల ట్యాంకుకు రంగులేస్తూ ఎవరో పడ్డారని ఒకసారి వింటే, రెండు పూటలు అన్నం తినలేదు. ఆ పడ్డ మనిషికి అసలు బెల్టే లేదని తర్వాత తెలిసింది. అమ్మయ్య అనుకోబోయి, ఏమనుకుంటున్నానా అని ఆగిపోయాను.

తమ్ముడు మూడు నెలలు ఖాళీగా ఉండి, తెలిసినవాళ్ల ద్వారా కొత్తకోటకు పోయాడు. బెంగళూరు రోడ్డు మీద పెద్ద పెద్ద ప్రకటన బోర్డులు కట్టే పని. ఏడాది పాటు పండక్కి వచ్చినా నా గది వైపు రాలేదు. తర్వాత ఒకసారి తనే ఫోన్ చేసి రమ్మన్నాడు. జొన్నరొట్టెలు, పచ్చిపులుసు కట్టుకొని బస్సెక్కాను.

నేను చేరేసరికి రోడ్డు పక్క బోర్డు దగ్గర పని మొదలు కాబోతోంది. తమ్ముడు, ఇంకో ముగ్గురు. నన్ను చూసి వాడు బాగున్నవా అని కూడా అనకుండా తన బెల్టు తీసి నా చేతికిచ్చాడు. పొట్లం తడిమాను. కంపెనీ కుట్టు, సన్నగా, సమంగా ఉంది. తిరిగిచ్చాను. పక్కనున్న మనిషి బెల్టు పాతది. పొట్లం మీద కంపెనీ చీటీ లేదు, ఉత్త నల్ల గొట్టం ఉంది. వేలికి ఏదో గడ్డ తగిలినట్టైంది.

"గొట్టం కోసి చూడాలె" అన్నాను.

"మంచిగున్నదాన్ని ఎందుకు కోస్తవమ్మా? నువ్వెవరు అసలు?" అన్నాడు అతను, బెల్టును వెనక్కి లాక్కుంటూ. నన్ను అతను చూసిన చూపు నాకు కొత్త కాదు. నేను మా డ్రైవర్లను అలాగే చూస్తాను.

"మా అక్క. కొయ్యనియ్యి" అన్నాడు తమ్ముడు.

కోశాను. లోపల కుట్టు కంపెనీదే. గడ్డ అనుకున్నది గొట్టం ముడత. ఆ మనిషి చీలిన గొట్టాన్ని రెండు వేళ్లతో దగ్గరికి పట్టుకొని చూశాడు.

"ఇప్పుడు ఇది పనిచేస్తదా?" అని నన్ను అడిగాడు.

నా అనుమానం కోసం అతని బెల్టు పాడు చేశానేమో నాకే తెలియదు. తమ్ముడు నా వైపు చూసి, ఫోన్ తీసి యజమానికి చేశాడు.

"సేటు, ఒక బెల్టు ఖరాబైంది. కొత్తది పంపు... లేదు, పాతది కాదు, చీటీ ఉన్నది పంపు. అప్పటిదాక మేం ఎవ్వరం ఎక్కం."

అవతల గట్టిగా అరవడం నాకు వినిపించింది. తమ్ముడు ఫోన్ చెవికి కొంచెం దూరంగా పట్టుకొని, అది ఆగేదాకా ఉండి, సరే సేటు అని పెట్టేశాడు. నలుగురూ బోర్డు నీడలో కూర్చున్నారు. నేను రొట్టెలు విప్పి పంచాను. బెల్టు మనిషి కొంచెం ఎడంగా కూర్చొని, పచ్చిపులుసు వద్దని, ఉత్త రొట్టె తీసుకున్నాడు. కొత్త బెల్టు మధ్యాహ్నం రెండు దాటాక వచ్చింది.

దాన్ని అతను నాకు చూపించలేదు. వెనక్కి తిరిగి, చీటీ తనే చదువుకొని వేసుకున్నాడు.